మూడోసారి పాసైన కుర్రాడు



పదో తరగతి ప్రీ-ఫైనల్ పరీక్షలు దగ్గర పడ్డాయి. గత నెల పేరెంట్-టీచర్ మీటింగులో మీలో చాలామంది నన్ను అడిగింది ఒకే సంగతి. పిల్లవాణ్ణి ఎంపీసీలో చేర్చాలా, బైపీసీలో చేర్చాలా, దేంట్లో చేరిస్తే సీటు గ్యారంటీ అని. మనం మాట్లాడుకుంటున్నంతసేపూ ఆ పిల్లవాడు పక్కనే నిలబడి బల్ల అంచు గోకుతూ ఉన్నాడు. అతన్ని మీరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇంటికి వెళ్ళాక ఆ సంగతి నాకు కాస్త గుచ్చుకుంది.

అందుకని ఈ నెల ఈ పేజీలో మన గోదావరి మనిషి ఒకాయన జీవితం చెబుతాను. పేరు మీకు తెలిసిందే, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, అమెరికాలో మందులు కనిపెట్టిన శాస్త్రవేత్త. స్కూళ్ళ గోడల మీద ఆయన బొమ్మ ఉంటుంది, కింద ఒక లైను ఉంటుంది. ఆ లైనులో పట్టని సంగతులే ఇప్పుడు మీకు అవసరం.

ఆయన 1895 జనవరి 12న పుట్టారు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. ఆరోగ్యం చెడిపోయి ముందుగానే ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. తల్లి వెంకమ్మ గారు. ఇంటినిండా జనం, చేతిలో డబ్బు తక్కువ. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో అలాంటి ఇంటికి ఒక్కటే దారి కనిపించేది. పిల్లవాడు ఇంగ్లీషులో మెట్రిక్యులేషన్ గట్టెక్కాలి, గట్టెక్కితే ఏదో ఒక సర్కారు కచేరీలో గుమాస్తా అవుతాడు, ఇంకా పైకి చదివితే ప్లీడరో డాక్టరో అవుతాడు. తెల్లవాళ్ళు ఆ చదువును నడిపిందే చాలావరకు తమ కచేరీలకు మనుషులు కావాలని. ఇంట్లో వాళ్ళు కూడా బడిని ఆ కళ్ళతోనే చూశారు. ఇప్పుడు మనం ఫౌండేషన్ క్లాసును ఏ కళ్ళతో చూస్తున్నామో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ క్లాసులు నడిపేది మేమే కాబట్టి ఈ మాటలో నాకూ వాటా ఉంది.

కుర్రాడికి బడి మీద మనసు లేదు. పదమూడేళ్ళ ప్రాయంలో ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరాడు. అంత దూరం ఎందుకయ్యా అంటే, అక్కడికి వచ్చే యాత్రికులకు అరటిపళ్ళు అమ్మితే బోలెడు డబ్బు వస్తుందని లెక్క వేశాడట. తల్లి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి మళ్ళీ బల్ల ముందు కూర్చోబెట్టింది. మీలో అరటి తోటలున్నవాళ్ళు, లోడు ఎత్తించేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ లెక్క మరీ తప్పు లెక్క కాదని మీకే బాగా తెలుసు! ఇంట్లో డబ్బు లేదన్న సంగతి పిల్లవాడికి తెలిసింది, తనకు తోచిన పరిష్కారం వెతుక్కున్నాడు. ఇంటి బరువు మోయాలన్న ఆలోచన అతనికి ఆ వయసుకే వచ్చింది. ఆ ఆలోచనకు మార్కులు వేసే సబ్జెక్టు మాత్రం అప్పటి బడిలో లేదు.

మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. ఆ ఏళ్ళలోనే ఇంట్లో అయినవాళ్ళు జబ్బులతో ఒకరి తర్వాత ఒకరు పోతున్నారు. ప్రోగ్రెస్ కార్డు చూసేవాళ్ళకు ఇవేవీ కనపడవు. తల్లి పట్టు వదల్లేదు. ఉన్న నగలు వదులుకుని మరీ చదివించిందని చెబుతారు. మూడోసారి మద్రాసు వెళ్ళి, అక్కడి హిందూ హైస్కూలు నుంచి రాసి పాసయ్యాడు. ఆ రోజుల్లో రాజమండ్రి నుంచి మద్రాసు బండి ఎక్కితే, 1900లో కట్టిన పాత హేవలాక్ వంతెన దాటి మన కొవ్వూరు స్టేషను మీదుగానే పోవాలి. రెండుసార్లు పరీక్ష తప్పిన పిల్లవాడు ఆ కిటికీలోంచి మన ఊరిని ఎలా చూసి ఉంటాడో అని రేవు వైపు వెళ్ళినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

ఇక్కడిదాకా విని, చూశారా, తల్లి గట్టిగా కూర్చోబెట్టింది కాబట్టే బాగుపడ్డాడు అని మీరు అనుకోవచ్చు. లాంగ్ టర్మ్ కోచింగుకి మూడో ఏడు కూడా పంపించేద్దామనీ అనుకోవచ్చు. కాస్త ఆగండి, తర్వాత జరిగింది వినాలి.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఆయనకు లెక్కల మీద మంచి పట్టు ఉండేది. మనసు మాత్రం రామకృష్ణ మఠం వైపు లాగింది. సన్యాసం తీసుకుని జనానికి సేవ చేస్తానన్నారు. మఠం వాళ్ళు తల్లి అనుమతి తెమ్మన్నారు. వెంకమ్మ గారు ఒప్పుకోలేదు. అప్పుడు మఠంలోని పెద్దలే, సేవే చేయాలనుకుంటే వైద్యం చదువుకో, అదీ సేవేనని దారి చూపించారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

మీరు ఒక సంగతి గమనించారా? తల్లి రెండుసార్లు అడ్డుపడింది. ఒకసారి అరటిపళ్ళ వ్యాపారానికి, ఒకసారి సన్యాసానికి. కానీ ఆయన డాక్టరు కావడానికి కారణం తల్లి పట్టుదలా కాదు, ర్యాంకూ కాదు, సీటు దొరకడమూ కాదు. నీకు ఏం చేయాలని ఉంది అని ఎవరో అడిగారు, ఆయన చెప్పారు, దానికి సరిపడే చదువు ఏదో కలిసి వెతికారు. కోరిక ముందు వచ్చింది, కోర్సు తర్వాత వచ్చింది. మీటింగులో మనం చేసింది దీనికి సరిగ్గా తలకిందులు.

మెడికల్ కాలేజీ ఖర్చు స్నేహితులూ, కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారనే ఆయనా భరించారు. తర్వాత సూర్యనారాయణ మూర్తి గారి అమ్మాయి శేషగిరి గారినే 1919లో సుబ్బారావు గారు పెళ్ళి చేసుకున్నారు. చదువంటే ఒక్కడి కష్టం కాదు, నలుగురి డబ్బు అందులో ఉంటుంది, ఆ నలుగురి ఆశ కూడా ఉంటుంది. దీని సంగతి మళ్ళీ చెబుతాను.

గాంధీగారి పిలుపు విని, విదేశీ బట్ట మానేసి, ఆపరేషన్ థియేటరులో కూడా ఖద్దరు గౌను వేసుకుని వెళ్ళడం మొదలుపెట్టారు సుబ్బారావు గారు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డుకి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, ఎల్.ఎం.ఎస్. అదీ వైద్యుడి పట్టానే, కానీ ఒక మెట్టు కింద. మద్రాసు మెడికల్ సర్వీసులో చేరదామని ప్రయత్నిస్తే అక్కడా తలుపు తెరుచుకోలేదు.

ఒక చదువుల వ్యవస్థ ఒక కుర్రాడి బతుకుని ఎలా మలుపు తిప్పుతుందో చూడండి. చదువు రాకపోతే పట్టా తగ్గించారంటే ఒక న్యాయం. ఇక్కడ బట్ట చూసి తగ్గించారు. ఆ ఒక్క అక్షరాల తేడాతో సర్కారు ఆస్పత్రి దారి మూసుకుపోయింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే లెక్చరరుగా చేరారు. ఎంబీబీఎస్ చేతికొచ్చి ఉంటే ఏ జిల్లా ఆస్పత్రిలోనో మంచి డాక్టరుగా రిటైరై ఉండేవారేమో! అయితే దీన్ని పట్టుకుని, అన్యాయం జరగడమే మంచిదైంది అనకండి. అలాంటి మెమో అందుకుని అక్కడితో ఆగిపోయినవాళ్ళు ఎందరో ఉంటారు, వాళ్ళ బొమ్మలు ఏ గోడ మీదా ఉండవు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. అన్న పురుషోత్తం గారూ, తమ్ముడు కృష్ణమూర్తి గారూ కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోయి మనిషి కృశించిపోతాడు. అది ఎందుకు వస్తుందో అప్పట్లో ఎవరికీ సరిగా తెలియదు. సుబ్బారావు గారికి కూడా ఆ జబ్బు చేసింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన బతికి బయటపడ్డారు.

పరిశోధన చేయాలన్న పట్టుదల అప్పుడు గట్టిపడింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. మామగారు మరికొంత కూడబెట్టారు. 1920ల మొదట్లో, గర్భవతిగా ఉన్న భార్యను వదిలి సుబ్బారావు గారు ఓడ ఎక్కి అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్ యూనివర్సిటీలో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. స్కాలర్‌షిప్పు లేదు. పగలు చదువు, రాత్రి ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. డాక్టరు పట్టా ఉన్న మనిషి ఆ పని చేశారు.

డిప్లొమా చేతికొచ్చాక హార్వర్డ్‌లోనే బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. ఈ రోజుకీ బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో అది ఫిస్క్-సుబ్బారావు పద్ధతే. అదే పద్ధతిని కండరాల మీద వాడినప్పుడు ఒక చిక్కు వచ్చింది. రావలసిన రంగు వెంటనే రాకుండా ఆలస్యంగా వస్తోంది. వేరేవాళ్ళైతే శాంపిల్ పాడైందని పారబోసేవారు. వీళ్ళు ఎందుకు ఆలస్యమవుతోందని వెంటపడ్డారు. కండరంలో తేలిగ్గా విడిపోయే ఒక కొత్త పదార్థం బయటపడింది, అదే 1927 నాటి ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడు విడిగా దాన్ని కనుగొన్నారు. మీ పిల్లలు శ్వాసక్రియ పాఠంలో కణానికి శక్తినిచ్చే నాణెం అని రాసే ఏటీపీ ఇదే. కండరం కదలడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న అప్పటి సిద్ధాంతాన్ని ఈ రెండు పనులూ తిరగరాయించాయి.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. అంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. మద్రాసులో ఒక తలుపు, బోస్టన్‌లో ఇంకో తలుపు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళి, కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ అధిపతి అయ్యారు.

ఇక అక్కడ ఏ పనులు నెత్తిన వేసుకున్నారో చూడండి. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో మిల్లు కూలీలైన గర్భిణులకు వచ్చే రక్తహీనతను పరిశీలించి, ఈస్టులో ఉన్న ఏదో పదార్థం దాన్ని నయం చేస్తోందని గుర్తించారు. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది సుబ్బారావు గారి బృందం, 1945లో. గర్భిణుల రక్తహీనతకే కాదు, స్ప్రూ జబ్బుకి కూడా అది మందు. అన్నదమ్ములు పోయి ఇరవై ఏళ్ళు దాటిపోయింది. అమ్మలందరికీ ఒక మాట: మీ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు పీహెచ్‌సీలోనో ఆస్పత్రిలోనో మీ చేతిలో పెట్టిన ఐరన్ మాత్రలో ఈ ఫోలిక్ యాసిడ్ ఉంది.

రెండోది మన గోదావరి జిల్లాల వాళ్ళం మరచిపోకూడనిది. కాలవలు, మురుగు కోడులు, నిలవ నీళ్ళు, దోమలు. మన డెల్టాకి అన్నం పెట్టిన నీళ్ళే బోదకాలు కూడా తెచ్చిపెట్టాయి. ఏనుగు కాలంత లావెక్కిన కాలితో అరుగు మీద కూర్చున్న ముసలాయన్నో ముసలమ్మనో చూడని డెల్టా ఊరు మా చిన్నతనంలో లేదు. ఆ జబ్బు తెచ్చే పురుగుల మీద పనిచేసే హెట్రజాన్ అనే మందు 1947లో వచ్చింది లెడర్లీలో ఆయన నడిపిన పరిశోధనల నుంచే. దాని రసాయన నామం డైఇథైల్ కార్బమజైన్, పొట్టిగా డీఈసీ. 2004 నుంచి బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ వచ్చి ఎదురుగా నిలబడి మింగించిన మాత్రలు గుర్తున్నాయా? అందులో ఒకటి ఇదే. ఆ మాత్ర మింగితే కళ్ళు తిరుగుతాయని తలుపు చాటుకి తప్పుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి, అప్పటికి దీని కథ నాకు తెలియదు.

ఫోలిక్ యాసిడ్‌కి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్ అనే మందును కూడా ఆయన బృందమే తయారుచేసింది. దాన్ని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సరు వచ్చిన చిన్నపిల్లలకు ఇచ్చి చూస్తే, కొందరిలో కొంతకాలం పాటు జబ్బు వెనక్కి తగ్గింది. అంతకుముందు ఆ పిల్లలకు ఇవ్వడానికి ఏమీ ఉండేది కాదు. ఆ వరసలోదే మెథోట్రెక్సేట్, ఇప్పటికీ క్యాన్సరుకీ కీళ్ళవాతానికీ డాక్టర్లు రాస్తున్నారు. 1948లో బయటికి వచ్చిన ఆరియోమైసిన్, అంటే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్, బెంజమిన్ డుగ్గర్ కనిపెట్టినది. ఆ పరిశోధన నడిచింది కూడా సుబ్బారావు గారి అజమాయిషీలోనే.

అదే ఏడు ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే పోయారు. వయసు 53. పేరు కోసం పాకులాడే మనిషి కాకపోవడంతో ఆయన ఎవరో చాలాకాలం మన దేశంలోనే ఎక్కువమందికి తెలియదు. శతజయంతికి, 1995లో, భారత తపాలా శాఖ స్టాంపు వేసింది.

మామూలుగా ఈ పేజీ ఇక్కడ ఆగిపోతుంది. కానీ ఇందాక ఒకటి చెబుతానని దాటవేశాను. ఆయన ఓడ ఎక్కాక శేషగిరి గారికి కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే ఆ బిడ్డ జబ్బు చేసి పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. ఆయన మళ్ళీ దేశానికి తిరిగి రాలేదు. శేషగిరి గారు ఆయన్ని మళ్ళీ చూడలేదు. చదువుకి డబ్బు పెట్టిన మామగారి కూతురామె. లోకం మీద బాధ్యత అంత గొప్పగా తీర్చుకున్న మనిషి ఇంటి బాధ్యత దగ్గర ఏమయ్యారన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు, అలాగని ఆమె సంగతి ఒక్క వాక్యంలో దాటేయడం కూడా నాకు చేతకావడం లేదు. పిల్లల్ని విదేశాలకు పంపడానికి పొలం తాకట్టు పెట్టిన ఇళ్ళు మన ఊళ్ళోనూ, చుట్టుపక్కలా ఉన్నాయి. ఆ ఇళ్ళలో పండక్కి ఫోన్లో చూసుకునే తల్లులకు ఈ భాగం నాకన్నా బాగా అర్థమవుతుంది.

మళ్ళీ మన పదో తరగతికి వద్దాం. సుబ్బారావు గారు ఫెయిలయ్యారు కాబట్టి మార్కులు ముఖ్యం కాదు అని మీ పిల్లలకు చెప్పకండి, వాళ్ళు నవ్వుతారు. మూడోసారికైనా ఆ పరీక్ష దాటకపోతే తర్వాతి కథ ఏదీ లేదు. నాకు పట్టుకున్న ప్రశ్న వేరు. ఏ జబ్బు మీద పనిచేయాలో ఆయనకు ఏ సిలబస్సూ చెప్పలేదు. ఆ జాబితా చాలావరకు ఇంట్లోంచి, పుట్టిన నేల మీంచి వచ్చింది. మన పిల్లలకు పొద్దున్న ఏడింటికి బస్సు, సాయంత్రం స్టడీ అవర్, ఆదివారం వీక్లీ టెస్టు. ఇంట్లో ఎవరికి ఏం జబ్బుందో, అప్పు ఎంతుందో, తాతగారి కాలు ఎందుకు అలా ఉందో వాళ్ళకు తెలియనివ్వకుండా చూసుకుంటున్నాం, చదువు పాడవుతుందని. అందులో మా స్కూలు చేసేది ఎంత, మీరు చేసేది ఎంత అన్నది వచ్చే మీటింగులో కూర్చుని మాట్లాడుకుందాం.

ఆ మీటింగుకి ముందు పదో తరగతి పిల్లల చేత ఒక ఫారం ఇంటికి పంపుతున్నాం. గ్రూపు పేరు రాసే గడికి పైన ఈసారి నాలుగు గీతలు ఖాళీగా వదిలాం. మీ ఇంట్లోనో మీ వీధిలోనో మీరు బాగుచేయాలనుకునేది ఏమిటి అని పిల్లల్ని అడుగుతున్నాం. తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా సరే. వాళ్ళు ఏం రాశారో చదివాక మీరు సంతకం పెట్టండి. ఆ నాలుగు గీతలు మాత్రం దయచేసి మీరు నింపకండి.

మీ బయాలజీ టీచరు,
కొవ్వూరు బ్రాంచి